ప్రతి తీయడం దొంగతనం కాదు

తెలుగులో ‘ప్రతి’ అన్న మాట చాలా ఉదారమైనది. అచ్చయిన పుస్తకం ఒక ప్రతి. చేత్తో ఎత్తిరాసుకున్నదీ ప్రతే. తాళపత్రం మీంచి కాగితం మీదికి దించుకున్నదీ ప్రతే. మూలానిదొక అంతస్తు, దాన్ని చూసి రాసుకున్నదానిదొక అంతస్తు అన్న భేదం ఆ మాటలో లేదు. ‘నకలు’ కచేరీల దారిన మన భాషలోకి వచ్చింది. దాని వెనకాలే ‘నకిలీ’ కూడా వచ్చింది. అనుమానం ఆ రెంటి మధ్యా ఎక్కడో దూరింది. ఇవాళ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జిరాక్సు యంత్రం దగ్గర నిలబడిన విద్యార్థి ముఖంలో కనిపించేది ఆ అనుమానమే. తాను చేస్తున్నది చదువో చౌర్యమో అతనికి తెలియదు. విచారించవలసిన సంగతి ఏమిటంటే, చాలా చోట్ల అక్కడి గ్రంథపాలకుడికీ తెలియదు.

గన్నవరం పేరు చెప్పగానే దూరపువాళ్ళకు విమానాశ్రయం గుర్తుకొస్తుంది. చుట్టుపక్కలవాళ్ళకు పశువైద్య కళాశాల కూడా గుర్తుకొస్తుంది. 1998లో మొదలైన ఆ కళాశాల 2005 తరువాత తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. పశువైద్య విద్యకు పేరుపొందిన గ్రంథాలను ఒకసారి తలుచుకోండి. సిసన్, గ్రాస్‌మన్‌ల శరీర నిర్మాణ శాస్త్రం, డ్యూక్స్ శరీరధర్మ శాస్త్రం, రాడోస్టిట్స్ పేరుతో చలామణీ అయ్యే వైద్య గ్రంథం. ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని చదవడానికి వీలుకానంత లావు. అన్నీ విదేశాల్లో పుట్టినవి, విదేశీ ధరలకు అమ్ముడుపోయేవి. కౌలు చేసుకునే తండ్రి పంపే డబ్బుతో చదివే పిల్లవాడు వాటన్నిటినీ కొనలేడు. నిజానికి కొనవలసిన పని కూడా లేదు. గేదెకు పొదుగువాపు వస్తే ఏం చెయ్యాలో చెప్పే అధ్యాయం అతనికి ఈ వారం కావాలి, గొర్రెల్లో చిటుకురోగం గురించి చెప్పే అధ్యాయం వచ్చే నెల కావాలి. నూజివీడు ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్లు చదివేవాడికైనా, బందరు కృష్ణా విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివేవాడికైనా, నాగార్జునలో తెలుగు ఎమ్మే చదివేవాడికైనా కథ ఇదే. కావలసింది ఒక అధ్యాయం, అమ్మకానికి ఉన్నది మొత్తం పుస్తకం.

పేరు చెప్పడం భావ్యం కాదు గానీ, ఈ ప్రాంతంలోనే ఒక కళాశాల గ్రంథాలయంలో జిరాక్సు బల్ల పైన ఒక నోటీసు చూశాను. “కాపీరైటు చట్టం ప్రకారం ఏ పుస్తకంలోనూ పది శాతానికి మించి ప్రతులు తీయబడవు” అని. నాకు అప్పుడు కావలసింది ఎప్పుడో అచ్చయి, మళ్ళీ ముద్రణకు నోచుకోని ఒక విమర్శ గ్రంథం. మొత్తం నూట ఇరవై పేజీలు. పన్నెండు పేజీలకు మించి ఇవ్వమన్నారు. ఏ పన్నెండు కావాలో నన్నే ఎంచుకోమన్నారు, అంతవరకు మర్యాదే. ఇంటికి వచ్చాక చట్టాన్ని తీసి మొదటినుంచి చివరిదాకా చదివాను. ప్రతులకు పది శాతం హద్దు అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆస్ట్రేలియా చట్టంలో ఉంది. అమెరికాలో 1976లో ప్రచురణకర్తలు, విద్యాసంస్థల ప్రతినిధులు కూర్చుని రాసుకున్న మార్గదర్శకాల్లో ఉంది. మన పార్లమెంటు చెయ్యని శాసనాన్ని మన గ్రంథాలయం గోడ మీద ఎవరో అతికించారు, అంతే.

మన చట్టం 1957 నాటిది, 1958 జనవరిలో అమలులోకి వచ్చింది. అందులో 52వ సెక్షను చదవదగ్గది. కాపీరైటు ఉల్లంఘన కిందికి రాని పనులన్నిటినీ అక్కడ ఏకరువు పెట్టారు. వ్యక్తిగత వినియోగానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు సముచితంగా వాడుకోవచ్చునని మొదటనే ఉంది. దానికి తోడు చదువుల కోసం ప్రత్యేకంగా మరొక ఉపనిబంధన ఉంది: ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ బోధనా క్రమంలో ఒక రచనకు ప్రతి తీసుకుంటే అది ఉల్లంఘన కాదు. ఎన్ని పేజీలన్న లెక్క లేదు, ఎంత శాతమన్న కొలత లేదు. ప్రశ్నపత్రంలో వాడుకున్నా, జవాబులో రాసినా తప్పులేదని దాని వెంటనే ఉంది. గ్రంథాలయాల కోసం ఇంకొకటి ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను, ఎందుకంటే తెలుగువాళ్ళకు అన్నిటికంటే అక్కరకు వచ్చేది అదే.

చట్టంలో ఉన్న మాటకు అర్థం ఏమిటన్నది 2012 వరకు ఎవరూ గట్టిగా తేల్చుకోలేదు. ఆ సంవత్సరం ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల ముద్రణాలయాలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థా కలిసి ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. ప్రతివాదులు ఢిల్లీ విశ్వవిద్యాలయం, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో ఉన్న రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసెస్ అనే చిన్న దుకాణం. అధ్యాపకులు పాఠ్యప్రణాళిక ప్రకారం ఏయే పుస్తకాల్లో ఏయే అధ్యాయాలు చదవాలో జాబితా ఇస్తారు. దుకాణంవాడు వాటిని గ్రంథాలయం పుస్తకాల్లోంచి జిరాక్సు తీసి ఒక కట్టగా కుట్టి, పేజీకి 40 పైసల చొప్పున విద్యార్థులకు ఇస్తాడు. అడిగిన నష్టపరిహారం 60 లక్షల రూపాయలు. పేజీకి 40 పైసలు తీసుకునే దుకాణం మీద ఆ దావా చూసినవాళ్ళకు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం గుర్తురాక మానదు. 2012 అక్టోబరులో కోర్టు ఆ కట్టలు అమ్మవద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది నాలుగేళ్ళు నడిచింది. నాలుగేళ్ళంటే ఒక బి.ఏ., దాని మీద సగం ఎం.ఏ.

ఆ దావాలో విద్యార్థులు చూస్తూ ఊరుకోలేదు. సంఘంగా ఏర్పడి తామూ ప్రతివాదులుగా చేరారు. అధ్యాపకులు ఇంకొక సంఘంగా వచ్చారు. న్యాయశాస్త్ర ఆచార్యుడు షమ్నాద్ బషీర్ వాళ్ళ వెనుక నిలిచారు. ఆయన 2019లో, నలభై మూడేళ్ళకే చనిపోయారు. తమ పుస్తకాలే ఆ జాబితాలో ఉన్న అనేకమంది రచయితలు, అమర్త్యసేన్‌తో సహా, దావా మానుకోవలసిందని ప్రచురణకర్తలను బహిరంగంగా కోరారు. రచయిత పేరు చెప్పి వేసిన వ్యాజ్యంలో రచయితే ఎదుటి పక్షాన నిలబడటం సామాన్యంగా జరిగేది కాదు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టివేశారు. సాహిత్య రచనల మీద కాపీరైటు దైవదత్తమూ, సహజసిద్ధమూ అయిన హక్కు కాదనీ, శాసనం ఎంత ఇచ్చిందో అంతే ఉంటుందనీ ఆయన తేల్చారు. నాకు ఎక్కువ నచ్చిన తర్కం ఇంకొకటి. విద్యార్థి గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాన్ని చేత్తో ఎత్తిరాసుకుంటే తప్పు కానప్పుడు, అదే పని యంత్రం చేస్తే తప్పెలా అవుతుందన్నారు. అదే ఏడాది డిసెంబరు 9న జస్టిస్ ప్రదీప్ నంద్రాజోగ్, జస్టిస్ యోగేష్ ఖన్నాల ధర్మాసనం అప్పీలు విన్నాక ఆ అభిప్రాయాన్ని ముఖ్యాంశాల్లో సమర్థించింది. బోధనా క్రమం అంటే తరగతి గదిలో గంట కొట్టినప్పటినుంచి మళ్ళీ గంట కొట్టేవరకే అని ప్రచురణకర్తలు వాదించారు. కాదు, పాఠ్యప్రణాళిక తయారు చేయడం మొదలుకొని పరీక్ష వరకు అంతా బోధనే అని ధర్మాసనం చెప్పింది. ఉపాధ్యాయుడు అని ఏకవచనం వాడారు గనుక విశ్వవిద్యాలయానికి వర్తించదన్న వ్యాకరణ వాదం కూడా నిలవలేదు. మన చిన్నయసూరి అయినా దానికి ఒప్పుకునేవాడు కాడు. పరిమాణం ముఖ్యం కాదు, ఆ చదువుకు ఆ భాగం అవసరమా కాదా అన్నదే చూడవలసిందని కొలమానం పెట్టి, ఈ కట్టల్లో ఉన్నవన్నీ అవసరమైనవేనా అన్న ఒక్క వాస్తవాన్ని విచారించడానికి దావాను కింది న్యాయమూర్తికి తిప్పిపంపింది. ప్రచురణకర్తలు ఆ విచారణకు నిలవలేదు. 2017 మార్చిలో దావా ఉపసంహరించుకున్నారు. ప్రతుల లైసెన్సులు అమ్ముకునే సంస్థ ఒకటి సుప్రీంకోర్టుకు వెళితే, ఆ ఏడాది మే 9న ఆ అర్జీ కూడా తోసివేతకు గురైంది.

ఢిల్లీ హైకోర్టు తీర్పు ఆంధ్రప్రదేశ్‌లో కట్టుబాటు కాదు కదా అని ఒక న్యాయవాద మిత్రుడు అన్నాడు. నిజమే. కానీ చట్టం కేంద్రానిది, దేశమంతటా ఒకటే. దానికి భిన్నమైన తీర్పు లేనంతవరకు ఆ వ్యాఖ్యానాన్ని గౌరవించడానికి అడ్డేమీ లేదు. తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా పది శాతం నోటీసు గోడ మీదే ఉందంటే దానికి కారణం చట్టం కాదు, భయం. తప్పు చేశారని ఎవరైనా రాస్తే తన ఉద్యోగానికి వస్తుంది. అక్కర్లేకుండా నిరాకరిస్తే ఎవరూ ఏమీ అడగరు. ఈ లెక్కలో గ్రంథపాలకుడు నిరాకరణ వైపే మొగ్గుతాడు. అతన్ని నిందించలేను. అతనికి ఈ తీర్పు సారాంశాన్ని ఒక పేజీలో రాసి, సంతకం చేసి పంపవలసిన విశ్వవిద్యాలయ అధికారులను నిందిస్తాను.

అమెరికావాళ్ళ ‘ఫెయిర్ యూజ్’ మనకన్నా ఉదారమని చాలామంది అనుకుంటారు. కొన్ని విషయాల్లో అవును, ఈ విషయంలో కాదు. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం మీద కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, సేజ్ సంస్థలు 2008లో వేసిన దావా 2020 దాకా నడిచింది. ఒక్కొక్క అధ్యాయాన్నీ విడివిడిగా త్రాసులో పెట్టి తూచారు: ఉద్దేశమేమిటి, రచన స్వభావమేమిటి, ఎంత తీసుకున్నారు, సంతకు నష్టమెంత అని. చివరకు చాలావరకు విశ్వవిద్యాలయమే నెగ్గింది గానీ, నెగ్గడానికి పన్నెండేళ్ళు పట్టింది. మన శాసనకర్తలు చదువుల కోసం ఆ త్రాసును పక్కన పెట్టి, సూటిగా ఒక మినహాయింపు రాసిపెట్టారు.

చేత్తో ఎత్తిరాసుకోవడం గురించి ఆ న్యాయమూర్తి అన్న మాట మన సాహిత్య చరిత్ర తెలిసినవాళ్ళకు కొత్తగా తోచదు. అచ్చు రాకముందు తెలుగు గ్రంథం బతికిందే లేఖకుల చేతి మీద. తాటాకుకు ఆయుర్దాయం తక్కువ. చెదలు, తేమ, అగ్గి. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎక్కించకపోతే కావ్యం పోయినట్టే. బ్రౌను దొర కడపలో పండితులనూ లేఖకులనూ జీతాలిచ్చి పెట్టుకుని చేయించిన పని ఏమిటి? ప్రతులు సేకరించడం, పోల్చడం, మళ్ళీ శుద్ధప్రతులు రాయించడం. కవికి రావలసిన ప్రతిఫలం కృతిభర్త ఇచ్చేవాడు, అంకితం రోజున. ఆపైన ఆ కావ్యాన్ని ఎత్తిరాసుకున్నవాడు కవికి బాకీపడేవాడు కాడు. గ్రంథదానం పుణ్యమన్నారు కూడా. అయితే అదే సంప్రదాయం కావ్యచౌర్యాన్ని తీవ్రంగా గర్హించింది. ఇంకొకడి పద్యాన్ని తనదని చెప్పుకున్నవాడే చోరుడు. ఇంకొకడి పద్యాన్ని ఆ ఇంకొకడి పేరుతోనే రాసుకున్నవాడు చోరుడు కాడు. ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లో ఈ రెండూ తారుమారయ్యాయి. పేరు చెప్పి ఒక అధ్యాయం జిరాక్సు తీసుకునే విద్యార్థి భయపడుతున్నాడు. పేరు చెప్పకుండా నాలుగు అధ్యాయాలు తన పరిశోధన వ్యాసంలోకి దింపుకున్నవాడు డాక్టరేటు పుచ్చుకుని నిర్భయంగా తిరుగుతున్నాడు.

ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకుని ఏ పుస్తకాన్నయినా ఎవరైనా ఎలాగైనా అచ్చేసుకోవచ్చునని నేనంటున్నట్టు అనుకోకండి. విజయవాడ తెలుగు పుస్తకాల రాజధాని. ఏలూరు రోడ్డులో పుస్తకాల అంగళ్ళ మీద బతికే కుటుంబాలెన్నో ఉన్నాయి. పాఠ్యపుస్తకాన్ని యథాతథంగా స్కాను చేసి, చవక కాగితం మీద అచ్చేసి, రంగుల అట్ట వేసి అమ్మేవాడికి 52వ సెక్షను రక్షణ లేదు, ఉండకూడదు కూడా. అతను బోధిస్తున్నవాడూ కాడు, చదువుతున్నవాడూ కాడు.

అంతకంటే ఇబ్బందికరమైన సందర్భం తెలుగు రచయితది. ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయానికి ఢిల్లీ విద్యార్థి జిరాక్సు తీసుకుంటే కలిగే నష్టం లెక్కకు కూడా ఆనదు. కానీ ఒక కవి తన జేబులోంచి డబ్బు పెట్టి అయిదు వందల ప్రతులు వేసుకుంటాడు. అదృష్టం బాగుండి ఆ పుస్తకం ఎమ్మేకు పాఠ్యగ్రంథమైంది అనుకుందాం. ఆ ఏడాది చేరిన విద్యార్థులందరూ ఒక్క ప్రతిని పట్టుకుని జిరాక్సు దుకాణానికి వెళ్తే, కవి మంచం కింద ఉన్న మూడు వందల యాభై ప్రతులూ అక్కడే ఉండిపోతాయి. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. మొత్తం కవితాసంపుటి పాఠ్యమైనప్పుడు ‘ఒక అధ్యాయం కోసం మొత్తం పుస్తకం కొనలేను’ అన్న వాదన పనిచేయదు. ధర్మాసనం పెట్టిన ‘చదువుకు అవసరమా’ అన్న కొలమానానికి అది లోబడవచ్చు, కానీ పుస్తకం అంగట్లో వంద రూపాయలకు దొరుకుతుంటే అవసరం జిరాక్సుది కాదు, కొనడానిది. ఇక్కడ బాధ్యత గ్రంథాలయానిదని నా అభిప్రాయం. పాఠ్యంగా పెట్టిన తెలుగు పుస్తకాన్ని గ్రంథాలయం పదో పదిహేనో ప్రతులు రచయిత దగ్గరే కొనాలి. ప్రతి తీసే హక్కు ఉన్న చోట కొనే ధర్మం కూడా ఉండాలి. మన రాష్ట్రంలో 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల కోసం వసూలు చేస్తారు. అది పౌర గ్రంథాలయాలకు. విశ్వవిద్యాలయాలకు అటువంటి కట్టుబాటు కూడా లేదు. ఏటా తెలుగు పుస్తకాలకు ఇంత అని ఎవరూ నిర్ణయించరు.

ఇప్పుడు ఇందాక దాచిపెట్టిన నిబంధన. ఒక పుస్తకం భారతదేశంలో అమ్మకానికి దొరకకపోతే, వాణిజ్యేతరమైన పౌర గ్రంథాలయం నిర్వహించే వ్యక్తి ఆ గ్రంథాలయ వినియోగం కోసం మూడు ప్రతులకు మించకుండా మొత్తం పుస్తకానికే నకళ్ళు తీయించవచ్చు. 2012 సవరణ దీనికి ఇంకొకటి కలిపింది: తన దగ్గర ముద్రిత ప్రతి ఉంటే, దానిని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఈ నిర్వచనంలోకి వస్తుందా అంటే, లాభాపేక్ష లేనిదీ, ప్రజల డబ్బుతో నడిచేదీ గనుక వస్తుందనే నేను చదువుకుంటున్నాను. నాకు పన్నెండు పేజీలే ఇస్తామన్న ఆ విమర్శ గ్రంథం ఎక్కడా దొరకదు. దానికి మూడు ప్రతులు తీయించి అరలో పెట్టే అధికారం అక్కడి గ్రంథపాలకుడికి సాక్షాత్తూ శాసనమే ఇచ్చింది. అతను ఎవరినీ అడగనక్కరలేదు.

డెల్టాలో ఉన్నవాళ్ళకు ఇది పుస్తకాల ప్రాణాలకు సంబంధించిన విషయం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు కింది అంతస్తుల్లో ఏమేం నానిపోయాయో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మనుషులూ, బియ్యం, పరుపులూ, ఆ తరువాత ఎవరూ లెక్క రాయని పుస్తకాలూ. తెలుగులో వచ్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం ఒకే ఒక ముద్రణ చూసినవి. ఆ ఒక్క ముద్రణలో మిగిలిన నాలుగైదు ప్రతులూ ఏ అరల్లో ఉన్నాయో, ఆ అరలు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో, దాన్నిబట్టే వాటి ఆయుష్షు.

ఈ సంగతి మొదట గ్రహించినవాడు మనవాడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి. ఆయన తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో స్కానింగు జరిగింది. వేలాది తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. అక్షరదోషాలతో నిండిన పట్టికలు, పేజీ పేజీకి నిరీక్షణ, తలకిందులైన బొమ్మలు. అయినా అది మాకు పెన్నిధి. ఇళ్ళలో లేనివీ, ఊళ్ళో లేనివీ అందులో దొరికేవి. 2017లో కాపీరైటు ఉల్లంఘన కారణం చూపి దాన్ని మూసేశారు. ఉల్లంఘన ఉన్నమాట నిజమే, హక్కులు తీరనివి కూడా విచక్షణ లేకుండా ఎక్కించారు. కానీ 1950లో పోయిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి పుస్తకాన్నీ, నిన్నమొన్నటి పుస్తకాన్నీ ఒకే తాళంతో బంధించడం ఏ న్యాయం? మూతపడే ముందే కొందరు స్వచ్ఛందంగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చిపెట్టిన ప్రతుల వల్లనే ఇవాళ పరిశోధకులకు పూట గడుస్తోంది.

మన చట్టంలో రచయిత పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 సంవత్సరాలు హక్కు ఉంటుంది. అంతకుముందు 50 ఉండేది. రవీంద్రుని రచనలు 1991తో అందరివీ కాబోతుండగా మరో పదేళ్ళు పొడిగించారు. ఒక్క కవి కోసం జరిగిన పొడిగింపు దేశంలోని అన్ని భాషల వాళ్ళకూ తగులుకుంది. లెక్క వేసి చూడండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2022 జనవరి నుంచి ఆయన కథలు అందరివీ. జాషువా కోసం 2032 దాకా ఆగాలి. గన్నవరానికి దగ్గరలోనే నందమూరులో పుట్టిన విశ్వనాథ 1976లో పోయారు గనుక 2037 జనవరి వరకు, చలం 2040 వరకు, శ్రీశ్రీ 2044 వరకు. వీళ్ళ ప్రసిద్ధ గ్రంథాలకు ఏ లోటూ లేదు, ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. ఇబ్బంది వాళ్ళ సమకాలికులది. ఒకే ఒక నవల రాసి 1970ల్లో పోయిన రచయిత పుస్తకానికి హక్కుదారు ఎవరో వారసులకే తెలియదు. అడిగి అచ్చువేద్దామంటే అడగడానికి మనిషి లేడు. వేయకుండా ఉందామంటే పుస్తకం ఉండదు. అలాంటప్పుడు ఆ మూడు ప్రతుల నిబంధన ఒక్కటే ఊపిరి.

ఇక బతికున్న రచయితలకు పనికొచ్చే ముక్క ఒకటి. హక్కులు రాసి ఇచ్చే పత్రంలో గడువు ఎంతో రాయకపోతే అది అయిదేళ్ళేనని చట్టం 19వ సెక్షను చెబుతోంది. ప్రచురణకర్త చేతిలో పెట్టిన ఒక పేజీ కాగితాన్ని శాశ్వత దానపత్రంగా భావించి ముప్ఫై ఏళ్ళుగా మౌనంగా ఉన్నవాళ్ళను నేనెరుగుదును. ఆ కాగితం ఒకసారి తీసి చదువుకోండి. గడువు లేకపోతే హక్కు ఎప్పుడో మీ ఇంటికి తిరిగొచ్చేసింది. అప్పుడు ఏ గ్రంథాలయమైనా, ఏ విద్యార్థైనా అడిగితే ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం. ఇష్టమైతే ఒక బహిరంగ ప్రకటనతో హక్కును పూర్తిగా వదులుకునే వీలు 21వ సెక్షను కల్పిస్తోంది.

బెజవాడకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఇక్కడే, రామ్మోహన గ్రంథాలయంలో. అయ్యంకి వెంకటరమణయ్యగారి జీవితమంతా ఆ ఉద్యమానికే సరిపోయింది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు తీసుకెళ్ళి ఊరూరా చదివించారు. వాళ్ళ ఆలోచన చాలా సరళం: చదివేవాడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే అతని దగ్గరికి పోవాలి. ఆ పడవ నడిచిన నీళ్ళ ఒడ్డునే ఇవాళ జిరాక్సుకు పన్నెండు పేజీల హద్దు గీస్తున్నాం.

ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని 2024 నవంబరులో ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, ముప్ఫై అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పరిశోధన పత్రికలు, 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు. మంచిదే. పశువైద్య, వ్యవసాయ కళాశాలలకు ఇలాంటి ఉమ్మడి ఏర్పాటు వ్యవసాయ పరిశోధన మండలి ద్వారా అంతకు చాలా ముందే ఉంది కూడా. కానీ ఇవి పత్రికలు. రెండో సంవత్సరం విద్యార్థికి కావలసింది పాఠ్యగ్రంథం. పైగా విజయవాడ చుట్టూ ఉన్న ప్రైవేటు కళాశాలల పిల్లలు ఈ గొడుగు బయటే తడుస్తున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళకు దొంగదారిన వ్యాసాలు అందించిన సై-హబ్‌ను 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆదేశంతో మూయించారు. చదువుకుంటున్న ప్రతివాడికీ చట్టబద్ధమైన దారి చూపించి మూయించి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి.

తెలుగు మాట ఒకటి మిగిలిపోయింది. 1914 నాటి మన కాపీరైటు చట్టంలో అనువాదపు హక్కుకు పదేళ్ళే గడువు. ఆలోగా రచయిత ఒక భాషలో అనువాదం ప్రకటించకపోతే, ఆ తరువాత ఆ భాషలోకి ఎవరైనా చేసుకోవచ్చు. బెంగాలీ నుంచి శరత్‌ను చక్రపాణి వంటివాళ్ళు మన ఇంటి రచయితగా చేసినది ఆ చట్టం ఉన్న కాలంలోనే. ఇప్పటి చట్టంలోనూ 32వ సెక్షను కింద ఆ ద్వారం కొంత తెరిచే ఉంది. బోధన కోసమైతే, విదేశీ గ్రంథం వెలువడిన మూడేళ్ళకు, అభివృద్ధి చెందిన దేశాల్లో వాడుకలో లేని భాష అయితే ఒక్క ఏడాదికే, హక్కుదారు ఒప్పుకోకపోయినా నిర్ణీత ప్రతిఫలం చెల్లించి అనువాదానికి లైసెన్సు కోరవచ్చు. ఆ లైసెన్సు ఇచ్చే కాపీరైటు బోర్డు పోయింది, దాని స్థానంలో వచ్చిన అప్పీళ్ళ మండలి 2021లో రద్దయింది, ఇప్పుడు ఆ అధికారం వాణిజ్య న్యాయస్థానాలది. పాలకేంద్రానికి పాలు పోసే రైతు తన గేదె జబ్బు గురించి తెలుగులో చదువుకోగలిగిన ప్రామాణిక గ్రంథం ఒక్కటైనా ఈ సెక్షను కింద రావచ్చు. 1968లో తెలుగు అకాడమీని పెట్టి, పి.వి. నరసింహారావుగారిని తొలి అధ్యక్షుణ్ణి చేసినప్పుడు ఉన్నత విద్య తెలుగులో సాగాలన్నదే సంకల్పం. ఆయన విశ్వనాథ వేయిపడగలను హిందీలోకి తీసుకుపోయిన అనువాదకుడు కూడా. ఆ అకాడమీ రాష్ట్ర విభజనతో రెండైంది, మన వైపుది తెలుగు–సంస్కృత అకాడమీ అయింది. పశువైద్య విశ్వవిద్యాలయమూ, ఆ అకాడమీ రెండూ మన రాష్ట్రంలోనే ఉన్నాయి. ఒకరి కార్యాలయం నుంచి ఇంకొకరి కార్యాలయానికి ఒక ఉత్తరం నడవాలి.